మా ఆయన నా లైఫ్ జాకెట్ కాదు

తెలుగు రాష్ట్రాల కొండల్లో, అడవుల్లో ట్రైల్ పరుగులు నిర్వహించే సంస్థల బాధ్యులకు, వాటికి అనుమతులిచ్చే అధికారులకు బహిరంగ లేఖ



మీలో ఒకరు ఈ సీజనుకు పంపిన నిబంధనల కాగితం నా ముందుంది. తూర్పు కనుమల్లో ఒక పగలూ ఒక రాత్రీ సాగే అల్ట్రా పరుగు అది. అందులో 'దంపతుల విభాగం' అని ఒక పేరా ఉంది. భార్యాభర్తలు కలిసి నమోదైతే రుసుములో రాయితీ ఇస్తారట. అంతవరకు సంతోషమే. ఆ కింద చదివితేనే ఒళ్లు మండింది. మనిషి ఎక్కడున్నాడో చూపే ట్రాకర్ ఇద్దరికీ కలిపి ఒకటే. ప్రథమ చికిత్స పొట్లం, చలికి చుట్టుకునే రేకు దుప్పటి ఇద్దరికీ ఒక్కొక్కటి చాలు. ఒకరు మధ్యలో తప్పుకుంటే రెండోవారు కూడా తప్పుకుని వాళ్లను కిందికి దించుకు రావాలి. చీకటి పడ్డాక ఆడవాళ్లు భర్తో, మరో మగ తోడో లేకుండా ముందుకు కదలకూడదు.

ఇదేమిటని ఫోన్ చేసి అడిగాను. అవతలి మనిషి మర్యాదగానే మాట్లాడాడు. "ఇద్దరూ ఎలాగూ కలిసే వెళ్తారు కదమ్మా, ఒకరినొకరు చూసుకుంటారు. మీలాంటి జంటలు ఎక్కువ వస్తే మాకు సగం దిగులు తగ్గినట్టే" అన్నాడు.

అయ్యా, తగ్గిన ఆ సగం దిగులు ఎక్కడికి పోయింది? గాలిలో కలిసిపోయిందా? మా రుసుముతో పాటు మీ గల్లాపెట్టెలో చేరాల్సిన బాధ్యత మళ్లీ మా నెత్తికే ఎలా వచ్చింది?

ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. ఇది ఒక్కరి బుద్ధి అయితే వాళ్లకే ఉత్తరం రాసి ఊరుకునేదాన్ని. జంటగా వచ్చినవాళ్లను చూడగానే మీలో చాలామందికి ఫొటో గుర్తొస్తుంది, పోస్టర్ గుర్తొస్తుంది. స్టార్ట్ గీత దగ్గర మమ్మల్ని ముందుకు పిలిచి చేతులు పట్టుకోమంటారు. ఫినిష్ గీత దగ్గర ముందొచ్చినవాళ్లను ఆపి, రెండోవారు వచ్చాక కలిసి దాటమంటారు. ఒకచోట దంపతుల విభాగానికి బహుమతిగా మిక్సీ పెట్టారు. నవ్వి ఊరుకున్నాం. కానీ ట్రాకర్ విషయంలో నవ్వడం కుదరదు. మిక్సీ లేకపోతే పచ్చడి రోట్లో నూరుకుంటాను. ట్రాకర్ లేకుండా అడవిలో పడిపోతే నన్ను వెతికేదెవరు?

మాది పూడిమడక. అనకాపల్లి జిల్లా, అచ్యుతాపురం మండలంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న మత్స్యకారుల ఊరు. మా మామగారిది వేట. మా ఆయన అచ్యుతాపురం సెజ్‌లో షిఫ్టు ఉద్యోగి. నేను బడిలో పాఠాలు చెబుతాను. ఇద్దరం కలిసి పరుగు మొదలుపెట్టాం, కలిసి సాధన చేస్తాం, పందేలకూ కలిసే వెళ్తాం. అందువల్ల జంట పరుగు అంటే ఏమిటో మీ పోస్టర్ కంటే నాకు కొంచెం ఎక్కువే తెలుసు.

జంట సాధనలో కలిసి పరుగెత్తేది తక్కువ. ఒకరు పరుగుకు వెళ్లాలంటే మరొకరు ఇంట్లో ఉండాలి. పిల్లను బడికి పంపాలి, పొయ్యి వెలిగించాలి. ఆయనకు నైట్ షిఫ్టు పడిన వారం తెల్లవారుజాము నాది. మార్నింగ్ షిఫ్టు పడిన వారం సాయంత్రం ఆయనది. పాటు సమయంలో నీళ్లు వెనక్కి లాగాక తడి ఇసుక గట్టిపడుతుంది, దాని మీద కాలు దిగబడదు. ఆ వేళ చూసుకుని తంతడి వైపు పరుగు తీస్తాం. ఒడ్డున పడవలు, వాటి మధ్య కట్టిన మోకులు, ఆరబెట్టిన వలలు. చీకట్లో మోకు కాలికి తగిలితే ముందుకు బోర్లా పడాల్సిందే. కాబట్టి తలకు లైటు కట్టుకోక తప్పదు. పోటు మీదున్న రోజు పొడి ఇసుకలో ఈడ్చుకుంటూ వెళ్లాలి, పిక్కలు పట్టేస్తాయి. ఆదివారం పొడుగు పరుగు ఎవరిదన్న తగువు ప్రతి వారం ఉంటుంది. ఒకరు కొండకర్ల ఆవ చుట్టుపక్కల దారుల్లోకి వెళ్తే, మరొకరు చేపలు తెచ్చి పులుసు పెడతారు.

ఎత్తు కావాలంటే శంకరం దగ్గరి బొజ్జన్నకొండ మెట్లు ఉన్నాయి. ఇంకా ఎత్తు కావాలంటే విశాఖ వెళ్లి కిరండూల్ ప్యాసింజర్ ఎక్కి టైడాలోనో బొర్రా గుహల దగ్గరో దిగుతాం. సముద్రమట్టం దగ్గర పుట్టి పెరిగిన ఊపిరితిత్తులకు అనంతగిరి ఎక్కుడు ఏమిటో అక్కడే అర్థమవుతుంది. ఆ ఎక్కుడులో ఆయన నడక నాకంటే నెమ్మది. దిగుడులో ఆయన రాళ్ల మీద గెంతుతూ పోతే నేను మోకాళ్లు కాపాడుకుంటూ వస్తాను. మొదటి గంట ఆయన ముందుంటాడు, రాత్రి పొద్దుపోయాక నేను ముందుంటాను. ఏ రెండు ఒళ్లూ ఒక్క తీరున అలసిపోవు. మెళ్లో పుస్తె ఉన్నంత మాత్రాన కాళ్లు ఒకే వేగంతో కదలవు.

మరి మీ నియమం ఏమంటోంది? ఇద్దరూ ఒకే ట్రాకర్ పరిధిలో ఉండాలంటోంది. అంటే వేగం ఉన్నవారు ఆగాలి, లేనివారు తరుముకోవాలి. చలి కొండ మీద ఆగినవారికి చెమట ఆరి వణుకు పుడుతుంది. తరుముకున్నవారికి ఒళ్లు కాగిపోతుంది. రెండూ ప్రమాదాలే. పరుగు ఆరోగ్యం గురించి మీ వేదికల మీద గంటలకొద్దీ మాట్లాడే డాక్టర్లను ఈ నియమం రాసేముందు ఒక్కమాట అడిగారా?

అడిగి ఉంటే వాళ్లు ఇంకో సంగతి కూడా చెప్పేవారు. అల్ట్రాలో ప్రాణం మీదికి తెచ్చే గండాల్లో కొన్ని ముందుగా దెబ్బతీసేది బుద్ధినే. వడదెబ్బ తగిలి లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు, దారి తప్పుతాడు, 'నాకేం కాలేదు' అని గొడవపడతాడు. దానికి మందు ఆసుపత్రికి పరుగెత్తించడం కాదు. అక్కడికక్కడే ఐసు నీళ్లలో ముంచి చల్లార్చాలి, ఆ తర్వాతే తరలించాలి. అలాగే అతిగా నీళ్లు తాగితే రక్తంలో సోడియం లీటరుకు 135 మిల్లీమోల్స్ కంటే దిగువకు పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, తికమక మొదలవుతాయి. ముదిరితే ఫిట్స్ వస్తాయి. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తం పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి సోడియం అలా తగ్గి ఉన్నట్టు తేలింది. అది రోడ్డు మీది పరుగు, కొన్ని గంటల్లో ముగిసేది. రాత్రంతా సాగే కొండ పరుగు సంగతి ఆలోచించండి.

ఇప్పుడు చెప్పండి. రాత్రి రెండింటికి, అప్పటికే పగలంతా పరుగెత్తి, తిన్నది కడుపులో నిలవక, కళ్లు మూతలు పడుతున్న భార్య తన భర్తకు వచ్చింది అలసటా, సోడియం తగ్గుదలా అని తేల్చగలదా? ఆమె దగ్గర థర్మామీటర్ ఉందా, ఐసు ఉందా, సెలైన్ ఉందా? వాంతి చేసుకుంటున్న మనిషికి 'ఇంకాస్త నీళ్లు తాగు' అని ప్రేమగా సీసా అందిస్తే ఆ ప్రేమే ముంచుతుందే! తోడుకు ధైర్యం చెప్పే శక్తి ఉంది, వైద్యం చేసే శక్తి లేదు. మీరు పెట్టాల్సిన డాక్టర్ స్థానంలో నా తాళిని కూర్చోబెడితే ఎలా?

ఇంట్లో ఈ నిబంధనలు చదివి వినిపిస్తే మా మామగారు ఒకటే అడిగారు. "పడవలో అన్నదమ్ములిద్దరూ ఎక్కినారని లైఫ్ జాకెట్టు ఒకటి దించేస్తామేటి?" అని. చదువుకోని మనిషికి తట్టిన ఆ ప్రశ్న మీ కమిటీలో ఎవరికీ తట్టలేదా?

కొండ మీద వాతావరణం తిరగబడితే ఏమవుతుందో ప్రపంచం చూసింది. 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో 100 కిలోమీటర్ల కొండ పరుగు జరిగింది. ఉదయం బయల్దేరినవారు 172 మంది. మధ్యాహ్నానికి వడగళ్లు, మంచు వాన, ఈదురుగాలి ముంచుకొచ్చాయి. 21 మంది చనిపోయారు. వాళ్లలో కొత్తవాళ్లే కాదు, చైనాలో పేరు మోసిన అల్ట్రా పరుగు వీరులూ ఉన్నారు. గాలిని ఆపే జాకెట్ తప్పనిసరి సామానులో లేదు, తెచ్చుకుంటే మంచిదన్న సలహాగా మాత్రమే ఉంది. చాలామంది దాన్ని ముందు వచ్చే మజిలీకి పంపే సంచిలో వేసేశారు. బండి ఎక్కలేని నిటారు భాగంలో సాయం అందే ఏర్పాటు లేదు. అక్కడ ఆరుగురిని కాపాడింది నిర్వాహకులు కాదు, గొర్రెలు కాసుకునే ఒక కాపరి. కొండ గుహలో మంట వేసి, దుప్పట్లు కప్పి వాళ్లను బతికించాడు. ఆ తర్వాత విచారణలు జరిగాయి, అధికారుల మీద చర్యలు వచ్చాయి, దేశమంతటా అలాంటి పందేలు ఆగిపోయాయి. ప్రాణాలు మాత్రం తిరిగి రాలేదు.

తప్పనిసరి సామానులో ఒక్క వస్తువు లేకపోవడం కూడా అంత నష్టానికి ఒక కారణం. మీరు ఆ సామానులోంచే వస్తువులు తీసేసి, దానికి 'జంట సౌకర్యం' అని పేరు పెడుతున్నారు. ఒక రేకు దుప్పటి ఇద్దరికీ ఎలా చాలుతుంది? ఇద్దరూ వణుకుతుంటే ఎవరికి కప్పాలి? ఆ నిర్ణయం కూడా మాకే వదిలేశారా?

ఇద్దరూ కలిసే పరుగెత్తాలన్న నియమం ఎక్కడా లేదని నేను అనడం లేదు. యూరప్‌లో 2005 నుంచి జరుగుతున్న ట్రాన్స్‌ఆల్పైన్ రన్ ఇద్దరేసి జట్లుగా ఆల్ప్స్ పర్వతాలను దాటే పందెంగానే పేరు తెచ్చుకుంది. మగ జట్లు, ఆడ జట్లు, మిశ్రమ జట్లు ఉంటాయి. జట్టులోని ఇద్దరూ ఎడబాయకుండా సాగాలి. కానీ అది జట్టు పందెమని అందరికీ ముందే తెలుసు. ఆ ఇద్దరూ భార్యాభర్తలే కానక్కర్లేదు. జట్టు ఉంది కదా అని మజిలీలు ఎత్తేయరు, వైద్యులను తగ్గించరు. ఆల్ప్స్‌లోనే జరిగే యూటీఎంబీ అల్ట్రా పరుగు సంగతి మీకు బాగా తెలుసు. 170 కిలోమీటర్ల పైచిలుకు దూరం, మొత్తం మీద 10,000 మీటర్ల దాకా ఎక్కుడు. అక్కడ రేకు దుప్పటి, ఈల, తలలైటు, టోపీ ఉన్న వాన జాకెట్ ప్రతి ఒక్కరి సంచిలో ఉండాలి. మొగుడి సంచిలో ఉందంటే ఒప్పుకోరు. మీ పోస్టర్ల మీద అంతర్జాతీయ ప్రమాణాలని రాసుకుంటారు. ఆ ప్రమాణాల్లో మీకు కనిపించింది మెడల్ సైజేనా?

ఆ యూటీఎంబీ కూడా తప్పులు చేసింది, దిద్దుకుంది. 2018లో సోఫీ పవర్ అనే బ్రిటిష్ తల్లి 3 నెలల పసిబిడ్డకు మధ్య మజిలీలో కూర్చుని పాలిస్తున్న ఫొటో ప్రపంచమంతా చూసింది. దెబ్బ తగిలినవారికి పందెం మరుసటి ఏడాదికి వాయిదా వేసుకునే వీలుండేది కానీ గర్భిణికి ఉండేది కాదు. అందుకే ఆమె ఆ స్థితిలో పరుగెత్తాల్సి వచ్చింది. ఆ ఫొటో తర్వాత చర్చ జరిగింది, నియమాలు మారాయి. 2019లో జాస్మిన్ పారిస్ బ్రిటన్ కొండల్లో చలికాలంలో జరిగే స్పైన్ రేస్‌లో, మజిలీల్లో తన బిడ్డకు పాలు పిండి దాచుకుంటూనే ఆడా మగా అందరికంటే ముందు గమ్యం చేరింది. అదే జాస్మిన్ 2024లో అమెరికాలోని బార్‌క్లీ మారథాన్స్‌ను పూర్తిచేసిన మొదటి మహిళ అయింది. 60 గంటల గడువుకు 99 సెకన్లు మిగిలి ఉండగా గేటు తాకింది. 2023లో కోర్ట్నీ డౌవాల్టర్ వెస్టర్న్ స్టేట్స్, హార్డ్‌రాక్, యూటీఎంబీ అనే మూడు అల్ట్రాల మహిళల విభాగంలో ఒకే వేసవిలో గెలిచింది. వీళ్లందరూ రాత్రుళ్లు పరుగెత్తినవాళ్లే. మీ నియమం ప్రకారం వాళ్లెవరూ చీకటి పడ్డాక మజిలీ దాటడానికి వీల్లేదు.

ఆడవాళ్లకు రాత్రి తోడు ఉండాలన్న మీ నియమానికి సమాధానం చెప్పండి. మీ భయం అడవి జంతువులంటేనా? అయితే మగవాళ్లను వదిలేస్తాయా? మనుషులంటేనా? అయితే దారిలో కాపలా పెట్టాల్సింది మీరు. దానికి బదులు దారి మీద ఆడవాళ్లను ఆపుతారా? ఒంటరిగా నమోదైన ఆడపిల్ల మజిలీ దగ్గర తోడు దొరికేదాకా కూర్చుంటే గడువులోంచి ఆమె కోల్పోయిన సమయం ఎవరిస్తారు? ముక్కూ మొహం తెలియని మగవాడి వెంట అడవిలోకి పంపడం ఏ రకం భద్రత? పోనీ మహిళల మీద అంత శ్రద్ధ ఉందనుకుందాం. రాత్రి మజిలీల్లో తలుపున్న మరుగుదొడ్డి, శానిటరీ ప్యాడ్లు, ఒక మహిళా వాలంటీరు ఎక్కడైనా పెట్టారా? చెట్టు చాటుకు వెళ్లమని చెప్పే చోట మగ తోడు నియమం పెట్టడాన్ని శ్రద్ధ అనరు.

ఒకరు తప్పుకుంటే ఇద్దరూ తప్పుకోవాలన్న నియమం ఇంకా అన్యాయం. మా ఆయనకు చీలమండ మడతపడితే నేను ఆగాలో వద్దో తేల్చుకోవాల్సింది మేమిద్దరం. చాలాసార్లు నేను ఆగుతాను కూడా. ఆ మాట మీరు నా చేత సంతకం పెట్టించుకుని రాయించుకోవడం ఎందుకు? కారణం ఒక్కటే. దెబ్బ తగిలినవారిని కిందికి దించడానికి స్ట్రెచర్, నలుగురు మనుషులు, జీపు కావాలి. వాటి ఖర్చు మీకు మిగలాలి.

ఇక ఆ స్ట్రెచర్ ఎవరు మోస్తారో చూద్దాం. మీరు సాహస దారులని ఫొటోలు పెట్టే అల్లూరి సీతారామరాజు జిల్లా కొండబాటలు, మా అనకాపల్లి జిల్లా ఎగువ గిరిజన గూడేల బాటలు అక్కడి జనానికి సాహసం కాదు, గతి. నెలలు నిండిన గర్భిణిని కర్రకు కట్టిన డోలీలో మోసుకుని రోడ్డు దాకా తెస్తున్న వార్తలు ఇప్పటికీ పేపర్లో చదువుతూనే ఉన్నాం. 108 బండి ఆ రోడ్డు మొగ దగ్గరే ఆగుతుంది. అదే బాటలో మీ పరుగు పెడతారు. అర్ధరాత్రి మీ పరుగువాడు కుప్పకూలితే ఏ గూడెం తలుపు తడతారు? చివరికి డోలీ మోసేది ఆ గిరిజనులే, గాన్సులో గొర్రెల కాపరి చేసిన పనే వాళ్లూ చేస్తారు. వాళ్ల భుజాల మీద మీ అత్యవసర ప్రణాళిక ఆధారపడి ఉందన్న సంగతి వాళ్లకైనా చెప్పారా? 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు గౌరవం ఇచ్చింది. ఆ గ్రామసభ ముందు కూర్చుని దారి అడిగినవారు మీలో ఎంతమంది? మీ పరుగు కోసం తెచ్చిన వైద్య బృందం ఆ రెండు రోజులు ఆ ఊళ్ల జనానికీ అందుబాటులో ఉంటుందని ఒక్క కాగితమైనా రాసిచ్చారా?

బయటివాళ్లు ఆపదలో పడితే ఊరివాళ్లు కదలాల్సి రావడం మా ఊరికీ కొత్త కాదు. 2022 జూలైలో మా పూడిమడక తీరానికి సరదాగా వచ్చిన అనకాపల్లి ఇంజినీరింగ్ విద్యార్థులు సముద్రంలో కొట్టుకుపోయారు. వెతకడానికి మత్స్యకారులూ కదిలారు. ఆ విద్యార్థులు ఒంటరిగా రాలేదు, స్నేహితుల గుంపుగానే వచ్చారు. పక్కన మనిషి ఉంటే సముద్రం కనికరించదు. కొండా అంతే.

అధికారులారా, ఇప్పుడు మీతో. ట్రైల్ పరుగు మనకు కొత్తదని, నియమాలు తెలియవని మీరు అనలేరు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ జరుగుతుంది. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, లక్షల మంది రాత్రంతా నడుస్తారు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరే జంటల్లో మీ బంధువులూ ఉంటారు. అక్కడ మొగుడూ పెళ్లాం కలిసే నడుస్తున్నారు కదా అని మంచినీళ్ల ట్యాంకర్లు సగం చేస్తున్నారా? వైద్య శిబిరాలు ఎత్తేస్తున్నారా? ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చే శ్రీశైలం భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమల పులుల అడవిలోంచి నడిచి వెళ్తారు. ఆ దారికి లెక్క ఉంది, అటవీశాఖ కన్ను ఉంది.

తిరుమల సంగతి ఇంకా స్పష్టం. 2023 ఆగస్టులో అలిపిరి కాలినడక దారిలో కుటుంబంతో కలిసి కొండెక్కుతున్న ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. తల్లీదండ్రీ ఉన్నారు కదా, చూసుకోవాల్సింది వాళ్లేనని టీటీడీ చేతులు దులుపుకోలేదు. మధ్యాహ్నం తర్వాత పిల్లలను దారిలోకి అనుమతించడం ఆపింది, గుంపులుగా పంపింది, చేతికి కర్రలిచ్చింది. కర్రల మీద జనం జోకులేసుకున్నారు, అది వేరే సంగతి. దారి తనది కాబట్టి పూచీ తనదేనని ఒప్పుకుంది. రుసుము తీసుకోని దారికే అంత పూచీ ఉంటే, వేల రూపాయలు తీసుకున్న దారికి ఎంత ఉండాలి?

సముద్రం విషయంలో ప్రభుత్వం ఇంతకంటే గట్టిగా ఉంటుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం వేటకు వెళ్లొద్దని చెబితే పడవ ఒడ్డునే ఉంటుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు ముందే చెబుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌ తుపానును చూసిన మాకు ఆ హెచ్చరిక విలువ తెలుసు. మరి కొండ మీద పిడుగుల వాన వస్తుందన్న రోజు పరుగు ఆపే అధికారం ఎవరికి ఉంది? నిర్వాహకుడికా? రుసుములు తీసుకుని, స్పాన్సర్ బ్యానర్లు కట్టి, వేదిక మీద మంత్రిని కూర్చోబెట్టినవాడు తనంతట తాను ఆపుతాడా? మీరు సంతకం చేసిన అనుమతి కాగితంలో ఆపే అధికారి పేరు ఉందా?

భద్రత కాగితాలకే పరిమితమైతే ఏమవుతుందో ఈ ప్రాంతానికి ఎవరూ నేర్పక్కర్లేదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా కంపెనీ ప్రమాదంలో 17 మంది పోయారు. ఆ సాయంత్రం మా ఊళ్లో ఏ ఇంట్లోనూ అన్నం సహించలేదు. అలాంటి ఘోరం జరిగిన ప్రతిసారీ తనిఖీలు మొదలవుతాయి. అదే తనిఖీ ముందే చేస్తే పోయేదేముంది?

'నా ప్రాణానికి నేనే బాధ్యురాలిని' అని మీరు మాతో సంతకం పెట్టించుకునే కాగితం గురించీ ఒక మాట. కొండ జారుడుగా ఉంటుందని, రాయి తగిలితే కాలు విరుగుతుందని నాకు తెలుసు. ఆ ప్రమాదం నాదేనని ఒప్పుకునే సంతకం పెడతాను. కానీ మజిలీలో నీళ్లు అయిపోవడం, దారి గుర్తులు కట్టకపోవడం, చివరి మనిషి దిగకముందే వాలంటీర్లు ఇంటికి పోవడం కొండ పెట్టే ప్రమాదాలు కావు. అవి మీ నిర్లక్ష్యం. ఒక సంతకంతో నిర్లక్ష్యం మాఫీ కాదు. డబ్బు తీసుకుని సేవ అమ్మినవారు వినియోగదారుకు జవాబు చెప్పాల్సిందేనని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. దాని దాకా వెళ్లే అవసరం రాకూడదనే ఈ లేఖ.

ఖర్చు పెరుగుతుందని మీరంటారు. పెరుగుతుంది. అయితే ఏది తగ్గించాలో మేం చెబుతాం. డీజే తీసేయండి. మూడు రంగుల టీషర్టు, చేతిసంచి, కేజీ బరువు మెడల్ తీసేయండి. విదేశీ జెల్ ప్యాకెట్లు తెప్పించకండి. అనకాపల్లి బెల్లం, వేరుశెనగ చిక్కీ, ఉప్పేసిన నిమ్మరసం, రాగి అంబలి పెట్టండి. ఆ డబ్బుతో ఇంకో డాక్టర్, ఇంకో ట్రాకర్, ఇంకో జీపు వస్తాయి. అప్పటికీ చాలకపోతే రుసుము పెంచండి, కడతాం. పందెంలో మనుషుల సంఖ్యకు పరిమితి పెట్టండి, వరుసలో నిలబడతాం. దంపతుల రాయితీ మాత్రం మాకొద్దు. ఆ రాయితీ మా ఇద్దరిలో ఒకరి ప్రాణానికి కట్టిన తగ్గింపు ధర.

ఇవీ మేము అడుగుతున్నవి. నమోదైన ప్రతి మనిషికీ విడి బిబ్, విడి ట్రాకర్, విడి తప్పనిసరి సామాను ఉండాలి. సామాను స్టార్ట్ దగ్గర ఒకసారి, రాత్రి మజిలీ దగ్గర ఒకసారి తనిఖీ చేయాలి. కలిసి పరుగెత్తాలా, విడిగా పరుగెత్తాలా అన్నది ఆ ఇద్దరికే వదిలేయాలి. ఆడవాళ్ల రాత్రి తోడు నియమం ఎత్తేసి ఆ స్థానంలో దారి కాపలా, మరుగుదొడ్లు, మహిళా వాలంటీర్లు పెట్టాలి. గర్భిణికీ బాలింతకూ మరుసటి ఏడాదికి చోటు భద్రంగా ఉంచాలి. చివరి పరుగుదారు వెనక ఎవరూ మిగిలిపోకుండా చూసే స్వీపర్లు నడవాలి, చివరి మనిషి దిగేదాకా వైద్య బృందం కదలకూడదు. గ్రామసభ అనుమతి, వాతావరణం చూసి పరుగు ఆపే అధికారి పేరు, రోగిని రోడ్డుకు చేర్చే ప్రణాళిక లేనిదే కలెక్టరు కార్యాలయం నుంచి గానీ అటవీశాఖ నుంచి గానీ అనుమతి కదలకూడదు. ఆ ప్రణాళిక పరుగుకు ముందే జనం చదవడానికి బయట పెట్టాలి.

తోటి పరుగు జంటలకూ ఒక విన్నపం. రాయితీకి ఆశపడి ఈ పేరా కింద సంతకం పెట్టకండి. మీ ఇద్దరి మధ్య ఉన్న ప్రేమను ఎవరి బడ్జెట్‌లోనూ ఒక పద్దుగా రాయనివ్వకండి.

మేమిద్దరం ఆ పందెం నుంచి పేర్లు వెనక్కి తీసుకున్నాం. నియమాలు మార్చిన రోజు మళ్లీ నమోదవుతాం, పూర్తి రుసుము కట్టి, రెండు వేర్వేరు దరఖాస్తులతో.

ఇట్లు,
పూడిమడక నుంచి ఒక పరుగుదారు
అచ్యుతాపురం మండలం, అనకాపల్లి జిల్లా